ఒడ్డులో చువ్వలు

అత్తమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు పెట్టడానికి తలకాయ కూర వండుతుంటే, వాగును కొలిచే మేడం వచ్చింది.

ఒడ్డు ఎంత కోసుకుపోతుందో తెలియాలని ఆమె మన చేని ఒడ్డులోకి ఇనుప చువ్వలు దిగ్గొట్టింది కదా. మట్టి పోయినకొద్దీ అవి బయటపడతాయట. నాకు ఆ సంగతి తెలియదు. ఒక చువ్వ నీ పిక్కను గీరిందని, అవి బయటికి వచ్చినప్పుడల్లా నేనే రాయితో లోపలికి కొట్టాను. చువ్వలు బయటపడలేదు, ఒడ్డు గట్టిదని మేడం రాసుకుంది. ఆ మాట పట్టుకొని నీ కొడుకు వావిలి పొదలన్నీ కొట్టేసి, వాగు అంచుదాకా దున్నాడు.

"వాయిలి ఏర్లేరా ఒడ్డును పట్టుకున్నయి, కొట్టకు" అని నువ్వు అడ్డం పడ్డావు.

"సదువుకున్న మేడంకంటె నీకెక్వ తెల్సా?" అన్నాడు.

మొదటి వరదకే ఒడ్డు విరిగింది. అప్పుడు నువ్వు దాని మీద గడ్డి కోస్తున్నావు.

ఈ రోజు మేడం మిగిలిన చువ్వలు చూసి, "వీటిని ఎవరో లోపలికి కొట్టారు. ఎవరు?" అంది.

నేనేనని చెప్పబోయాను.

"ఇంకెవలు, మా అమ్మే" అన్నాడు నీ కొడుకు. "ఒగలు చెప్తె ఇనే మనిషా? ఆమె చేతులతోనే ఆమె సచ్చె."

మేడం నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె పుస్తకం తెరిచి నీ పేరు అడిగింది. చెప్పాను. ఆమె ముందు నేను నోరు తెరిచింది ఆ ఒక్కదానికే.