పెట్టె మీద అంటించిన హీరో

సుబ్బన్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాదైంది. అనంతపురం బస్టాండు పక్కన మనిద్దరం పెట్టిన వీడియో గేము అంగడిని ఈరోజే మూసేశాను. తప్పంతా నాది.

నువ్వు పోయిన నెలకే ఊళ్లో ఒక పెద్ద సినిమా వచ్చింది. దాని పేరే మన ఆటకు పెట్టాను. ఆట పెట్టె మీద నువ్వు రంగుతో రాసిన ‘విమానం ఆట’ కనబడకుండా, మైదా ఉడకేసి హీరో వాల్‌పోస్టరు అంటించాను. మొదటి వారం జనం తోసుకుంటూ వచ్చారు. సినిమా చూసొచ్చిన ఒకాయన తెరకేసి చాలాసేపు చూసి, "ఏమప్పా, మా హీరో యాడుండాడు?" అన్నాడు. అటూ ఇటూ కదిలే తెల్లచుక్కను, అదే మన విమానాన్ని, చూపించాను. ఆయన తిట్టినా బాగుండేది.

"సుబ్బన్న ఉన్నప్పుడు విమానమంటే విమానమే కనపడతాండె" అని వెళ్లిపోయాడు.

తర్వాత రోజూ వచ్చేవాళ్లూ మానేశారు. అన్నా, ఆట అదే, దాన్ని అబద్ధం చేసింది నేను.

పెట్టెను కొన్నవాళ్లకు నీ రాతతోనే ఇద్దామని, పొద్దున నీళ్లు చల్లి పోస్టరు గీకాను. కాగితంతోపాటు నీ అక్షరాలూ ఊడొచ్చాయి.