లారీకి ఏ క్యాంషాఫ్ట్ ఎయ్యాలె, అన్నా?

అన్నా,

ఈ ఉత్తరం నీకందదని ఎర్కే. నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మన లారీ ఇంజన్ ఇప్పిన. వాల్వులను లేపే క్యాంషాఫ్ట్ మొత్తం అరిగిపోయింది. ఎల్లుండి బోధన్ల చక్కెర ఫ్యాక్టరీల ఈ ఏటి చెరుకు ఆడుడు మొదలైతది. ఎడపల్లి రైతులకు చెరుకు మోస్తనని మాటిచ్చిన.

గోనెసంచి మీద రెండు షాఫ్టులు పెట్టుకొని పొద్దుగాల్నుంచి సూస్కుంట కూసున్న. ఒకటి హైదరాబాద్ నుంచి తెప్పిచ్చిన కొత్తది. "గుర్రం లెక్క ఉరుకుతది" అన్నడు దుకాన్‌దారు. ఇంకోటి మన పక్కన ఇందూర్ల మూలకు పడ్డ లారీది. మనదసొంటిదే, గని జర అరిగింది.

"మనం మోసేది చెరుకు, పెండ్లి బరాత్ కాదు తమ్మీ. ఉరుకుడు కాదు, గుంజుడు గావాలె" అంటుంటివి గదా. పాతదే ఎక్కిచ్చిన. ఎక్కిచ్చినంక భయం పట్టుకున్నది.

హ్యాండిల్ తిప్పి ఇంజన్ నడిపిచ్చి, నీ లెక్కనే దాని మీద లోట నిండ నీళ్లు పెట్టిన. నీళ్లు తొణికితే మల్ల ఇప్పుమనేటోనివి. తొణకలే. అయినా ఇది ఖాళీ బండి. లోడుతోని ఎడపల్లి కాడి ఎత్తు ఎక్కుతదో, నడిమిట్ల ఆగుతదో, ఎవలనడగాలె?

ఎల్లుండి ఆ లోటను బండ్లె పెట్టుకొని పోత. నువ్వు నడిపినన్ని దినాలు నీ పక్కన నేను కూసున్న జాగల.