పాల బండికి కొత్త ఫిల్టర్

నవంబర్ 3, సోమవారం

పొద్దున టీ గ్లాసు పక్కన వ్యాన్ తాళాలు కనిపించాయి. నా గ్లాసు పక్కన. బాపు వాటిని చొక్కా జేబులోంచి తీయడు, నిద్రలో కూడా.

విషయం సాయంత్రానికి తెలిసింది. బాపు కుడి కంటికి వచ్చే వారం ఆపరేషన్. డాక్టర్ కేటరాక్ట్ అన్నాడు. నాయనమ్మ పొర అంటుంది. పొర మంచి మాట. పలుకుతుంటేనే కన్ను కొంచెం మసకబారుతుంది.

ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు బండి నడపకూడదు. జల్‌పల్లిలోని మా బర్రెల కొట్టం నుంచి ఉస్మాన్‌గంజ్ హోటళ్లకు రోజూ పాల క్యాన్లు తీసుకుపోయేది బాపే. ఆ హోటళ్ల కోసం మా వాడ సోమశేఖర్ అన్న ట్రాలీ ఆటో పెట్టుకుని ఎప్పటి నుంచో కాచుకుని ఉన్నాడు. ఒకసారి అతని చేతికి పోతే అవి తిరిగి రావు. ఇంట్లో అందరికీ తెలుసు.

నేను నడుపుతానన్నాను. లైసెన్స్ జులైలోనే వచ్చింది. అమ్మ నవ్వింది. బాపు నవ్వలేదు. నడుపుడు ఎవలైనా నడుపుతరు బిడ్డా, బండిని చూసుకునుడు వస్తదా అన్నాడు. ఇంజిన్ ఆయిల్ మార్చాలట, ఫిల్టర్ కొత్తది వేయాలట. ఏ ఫిల్టరో నువ్వే చూడు, నువ్వే తే, మెకానిక్ ఎల్లప్ప దగ్గర నిలబడి నువ్వే ఏపిచ్చు. ఐతారం సాయంత్రం సోమశేఖర్ వస్తడు, గప్పటిదాంక నీకు టైం. నువ్వా, ఆయనా, గప్పుడు తేలుస్త అన్నాడు.

నవంబర్ 4, మంగళవారం

కాలేజీ నుంచి నేరుగా అఫ్జల్‌గంజ్, గుండయ్య తాత స్పేర్ పార్ట్స్ షాపుకు. బాపు ఏది కొన్నా అక్కడే. ఏ బండి అని అడిగాడు. చెప్పాను. ఏ సాల్ అని, అంటే ఏ సంవత్సరం బండి అని అడిగాడు. చెప్పలేకపోయాను. మా వ్యాన్ నాకంటే చిన్నదని మాత్రం తెలుసు.

తాత కౌంటర్ మీద మూడు ఫిల్టర్లు పెట్టాడు. చిన్న ఉప్పు డబ్బాల్లా ఉన్నాయి. నాకు మూడూ ఒకటే. మధ్యలోదాని రంగు బాగుంది, అది చేతిలోకి తీసుకున్నాను. ఏందమ్మా, పెళ్లిచూపులా, మొఖం చూసి ఒప్పుకుంటున్నవ్ అన్నాడు. షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. సాల్ రాసుకొని రా, పాత దాని మీద నంబర్ ఉంటది, గది గూడ రాసుకొని రా అని మూడింటినీ లోపల పెట్టేశాడు.

ఖాళీ చేతులతో వచ్చాను.

నవంబర్ 5, బుధవారం

కార్తీక పౌర్ణమి. కాలేజీ లేదు. నాయనమ్మ తెల్లవారకముందే తలస్నానం చేసి తులసి దగ్గర దీపాలు పెట్టింది. ఈ నెలంతా ఇంట్లో ఏది ముట్టుకోవాలన్నా ముందు ఆమెకు చేతులు చూపించాలి.

ఆర్‌సీ తీసి సాల్ రాసుకున్నాను. తర్వాత పగలంతా ఫోన్‌లో చదివాను. ఫిల్టర్ అంటే బయట రేకు డబ్బా, లోపల మడతలు మడతలుగా కాగితం. ఆయిల్ ఆ మడతల గుండా పోతుంది, మురికి అక్కడే ఆగిపోతుంది. మూతి దగ్గర రబ్బరు రింగు, దాని పేరు గాస్కెట్. కొన్నింటిలో యాంటీ డ్రెయిన్‌బ్యాక్ వాల్వ్ కూడా ఉంటుంది. బండి ఆపినప్పుడు ఫిల్టర్‌లోని ఆయిల్ జారిపోకుండా పట్టి ఉంచేది అదే. దీన్ని తెలుగులో ఏమనాలా అని చాలాసేపు కూర్చున్నాను. జారనివ్వని మూత. బాగా లేదు. వెనక్కి పోనీయనిది. కొంచెం నయం. వంటింట్లోకి పోయి అమ్మకు రెండూ వినిపించాను. అన్నం తింటవా, వాల్వ్ తింటవా అంది.

నవంబర్ 6, గురువారం

ఎల్లప్ప కాక గ్యారేజ్ జల్‌పల్లి రోడ్డు మీద ఉంది. వ్యాన్ కింద పడుకుని పాత ఫిల్టర్ మీద మడ్డి తుడిచాను. నంబర్ కనిపించింది. రాసుకున్నాను. జుట్టు నిండా మట్టి.

లేచేసరికి కాక చేతిలో ఒక ఫిల్టర్ ఉంది. గీ దానికి అఫ్జల్‌గంజ్ దాంక ఎందుకు, గిది ఎక్కుతది, మస్తు బండ్లకు ఎక్కిచ్చిన అన్నాడు. ఎక్కడం, సరిపోవడం ఒకటేనా అని అడిగాను. నువ్వు చదివేది డిగ్రీనా, వకీల్ చదువా అన్నాడు. డిగ్రీయే, తెలుగు అన్నాను. గందుకే మాటలు పట్టుకుంటున్నవ్ అన్నాడు.

చూసి తెచ్చిస్తానని ఆ ఫిల్టర్ అడిగి తీసుకున్నాను. ఐతారం మధ్యాహ్నం బండి తీసుకొని రమ్మన్నాడు.

నవంబర్ 7, శుక్రవారం

ఇంటర్నల్ ఎగ్జామ్. అఫ్జల్‌గంజ్‌కు పోలేదు.

నవంబర్ 8, శనివారం

గుండయ్య తాతకు సాల్ చెప్పాను, నంబర్ చెప్పాను. ఆ నంబర్ ఫిల్టర్ తెచ్చాడు. ఎల్లప్ప కాక ఇచ్చినదాన్ని దాని పక్కన పెట్టి, రెండింటి మూతులూ చూశాను. మరలు ఒకటే. రబ్బరు రింగు మాత్రం కాక దానిది కొంచెం చిన్నది. ఎక్కుతుంది, నిజమే. కానీ రింగు తన చోట కూర్చోదు. ఏదో ఒక పొద్దున ఉస్మాన్‌గంజ్ దారిలో ఆయిలంతా కారిపోతుంది.

సరైన నంబర్‌లోనూ రెండు రకాలున్నాయి, వెనక్కి పోనీయనిది ఉన్నదీ, లేనిదీ. ఉన్నది తీసుకున్నాను. ఈసారి మొఖం చూడలే, కడుపుల ఏమున్నదో చూసినవ్ అన్నాడు తాత.

పెట్టె ఫ్రిజ్ మీద పెట్టాను. బాపు రెండుసార్లు అటు చూశాడు.

నవంబర్ 9, ఆదివారం, పొద్దున

ఫ్రిజ్ మీద పెట్టె ఉంది. పెట్టెలో ఫిల్టర్ లేదు.

మధ్యాహ్నం

మిద్దె మీద దొరికింది. కడిగిన పాల క్యాన్ల వరసలో, వాటిలాగే బోర్లించి ఉంది. ఒంటి నిండా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. ఎత్తితే నీళ్లు కారాయి.

నాయనమ్మ దాచలేదు. వేడినీళ్లల్ల కడిగిన, కొత్త వాసన మొత్తం పోయింది చూడు అంది. మెచ్చుకుంటాననుకుంది. మా ఇంట్లో కడగకుండా ఏ కొత్త వస్తువూ పాల దగ్గరికి రాదు. క్యాన్, గరిటె, వడగట్టే బట్ట, ఏదైనా. కార్తీకంలో మరీ. పోయిన ఏడాది నా ఫోన్ కవర్ కూడా కడిగింది. పాల బండిల పెట్టేది పాల వస్తువు గాదానే అని అడిగింది.

లోపల కాగితం ఉంది నాయనమ్మా, నానిపోయింది అన్నాను. ఆ నీళ్లు ఇంజిన్‌లోకి పోతే ఆయిల్ మజ్జిగలా అవుతుందన్నాను. నూనె వడగట్టెతందుకు కాయితం పెట్టినోడు ఎవడే, బట్ట దొరకలేదా వానికి అంది. తర్వాత ఆమె నా ముఖం చూసింది. పోయి తులసి దగ్గర కూర్చుంది. అన్నానికి రాలేదు.

అమ్మ ఎండలో పెట్టమంది. ఆరినంక గదే ఏపిచ్చు, ముసలామెను బాధపెట్టకు అంది. బాపు డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఆరితే ఏం గాదు, ఏపిచ్చు, గుండయ్య దుకాణం ఐతారం బంద్, సాయంత్రం సోమశేఖర్ వస్తున్నడు అన్నాడు. నా చిన్నప్పటి నుంచీ ఆ బండి నడుపుతున్నది ఆయనే.

వేయించను అన్నాను. పైన ఆరినా మడతల్లో ఆరిందో లేదో కోసి చూస్తే గానీ తెలియదు, కోస్తే ఫిల్టరే ఉండదు. నానిన కాగితం చిరిగితే ముక్కలు ఇంజిన్‌లోకి పోతాయి. గొంతు పెంచలేదు. పుస్తకంలోది చదివినట్టు చెప్పాను. మరి సోమశేఖర్‌కు ఏం చెప్పాలె అన్నాడు బాపు. సర్వీస్ కాలేదని చెప్పు అన్నాను.

ఎల్లప్ప కాకకు ఫోన్ చేసి, ఇవాళ రావడం లేదన్నాను.

సాయంత్రం

సోమశేఖర్ అన్న కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ఏం గీతా, బండి తయారైందా అని నన్నే ముందు అడిగాడు. కాలేదన్నాను. అతను బాపు వైపు తిరిగి, ఇంకేం ఫికర్ కాకా, రేపటి సంది నేనొస్త, హోటలోళ్లకు ఒక్క మాట చెప్పు అన్నాడు. వాకిట్లోంచి నాయనమ్మ, ఖరాబ్ జేసింది నేను, పోరి గాదు అని కేక వేసింది.

బాపు టీ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. తడిది ఎక్కియ్యమని నేనే చెప్పిన శేఖరూ, నా మాట గూడ ఇనలే అన్నాడు. నేను నేల వైపు చూశాను. గసుంటి మనిషి చేతుల బండి పెడితె నేను కన్ను మూసుకొని పండుకోవచ్చు, నీ ఆటో వద్దు తియ్ అన్నాడు.

సోమశేఖర్ అన్న టీ సగంలోనే లేచిపోయాడు. అమ్మ ఆ సగం గ్లాసు నా ముందు నుంచే తీసుకుపోయింది, ఈసారి నవ్వకుండా.

రాత్రి

బొట్టు పెట్టినదాన్ని చెత్తలో వేయకూడదట. తడి ఫిల్టర్ ఇప్పుడు దేవుడి అర కింద ఉంది. దానికీ ఒక దీపం.

రేపు పొద్దున పాత ఫిల్టర్‌తోనే పోతాం. నేను స్టీరింగ్ దగ్గర, బాపు పక్కన. క్యాన్లు దించి, అటు నుంచి అటే గుండయ్య తాత షాపు. నాయనమ్మ కూడా క్యాన్ల మధ్య కూర్చుని వస్తుందట. బట్ట కాక కాగితం ఎందుకో తాతనే అడగాలట.