నా వంతు నిద్ర

5 జనవరి 2025, ఆదివారం

ఈ రోజు నా నొప్పికి పేరు దొరికింది. ఫైబ్రోమయాల్జియా. నెలలో మొదటి ఆదివారం హైదరాబాద్ నుంచి జగిత్యాలకు వచ్చే డాక్టర్ మేడం చెప్పింది.

నొప్పి ఇంటర్ నుంచి ఉంది. ఇప్పుడు నాకు ఇరవై ఆరు. ఇన్నేండ్లు ఎవరి దగ్గరికి పోయినా రిపోర్టులు తిరగేసి నార్మల్ అన్నరు. ఎక్స్‌రే నార్మల్. రక్తం నార్మల్. థైరాయిడ్ నార్మల్. ఒకాయన నా ముందే బాపుతో, పెండ్లి చేయండి కరుణాకర్ రావు గారూ, అంతా సెట్ అయితది అన్నడు. బాపు నవ్విండు. నేను గోడ మీద క్యాలెండర్ చూసుకుంట కూర్చున్న. కాన్వెంట్‌లో సిస్టర్లు నేర్పింది అదే. పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చోవాలె.

ఈ మేడం అట్ల అనలేదు. నీ నొప్పి నిజం అన్నది. ఒంట్లో ఎక్కడా దెబ్బ లేదు, నొప్పిని మోసే నరాలే అవసరం కన్నా గట్టిగ అరుస్తున్నయ్ అన్నది. రోజూ కొంచెం నడవాలె అన్నది. రాత్రికి ఒక క్యాప్సూల్ రాసింది, ప్రెగాబాలిన్. పని చేయడానికి కొన్ని వారాలు పడుతది, ఇష్టమొచ్చినట్టు ఆపొద్దు, ఆపాలంటే నన్ను అడిగి మెల్లగ తగ్గించాలె అన్నది.

కోరుట్లలో మా ఇల్లు చేరేదాక బాపుది ఒకటే ప్రశ్న. ఎక్స్‌రేల కనపడని రోగం ఏం రోగం బిడ్డా అని. దేవుడు కూడా ఎక్స్‌రేలో పడడు బాపూ అందామనుకున్న. అనలేదు.

19 జనవరి

తల తిరుగుడు. మత్తు. నొప్పి మాత్రం ఎక్కడున్నది అక్కడే. బాపు, పొద్దు గూకేదాక పుస్తకం పట్టుకుంటే మెడ గుంజక ఏం జేస్తది అని వరండాలో ఎవరికో చెప్తున్నడు.

11 ఫిబ్రవరి

పొద్దున లేచిన. అంతే. రాత్రంతా రోకండ్లతో దంచినట్టు కాకుండ, మనిషి లేచినట్టు లేచిన.

2 మార్చి

రెండు చేతులూ ఎత్తి నా జడ నేనే వేసుకున్న. అమ్మ వంటింట్లో నుంచి తొంగి చూసింది. ఇబ్రహీంపట్నం దిక్కు మా చేన్లో పసుపు ఉడకబెడుతున్నరు. అమ్మ చేతులు, కొంగు, గడప, అన్నం గిన్నె మూత, అంతా పసుపే. నేను కూడా పోయి ఆరబోసిన కొమ్ముల పక్కన కూర్చొని ఒక పుస్తకం పూర్తి చేసిన. నొప్పి పక్క గదిలో ఎవరో మాట్లాడినట్టు ఉంది. అది నాతో కాదు.

25 మార్చి

సిరిసిల్లలో ఒక రెసిడెన్షియల్ స్కూల్‌లో లైబ్రరీ అసిస్టెంట్ పని. జూన్‌లో చేరాలె, మొదట ట్రయల్ మీద. నీతోని అయితదా అని బాపు. అయితది అన్న. నా గొంతు నాకే కొత్తగ వినపడ్డది. నిద్రపోయే మనిషి ఏదైనా అనగలదు.

16 ఏప్రిల్

అమ్మ, నేను జగిత్యాలలో సుమలత పెద్దమ్మ దగ్గరికి పోయినం. డయాలిసిస్ బెడ్ మీద ఉంది. అమ్మకు సొంత అక్క. మోకాళ్ల నొప్పులకు ఏండ్లకేండ్లు షాపులో చీటీ లేకుండ గోలీలు కొని మింగింది. కిడ్నీలు రెండూ పోయినయ్. అమ్మ చేయి పట్టుకొని, కౌసల్యా, నొప్పి గోలీ జోలికి పోకే అన్నది.

వాపసు వచ్చేటప్పుడు బస్సులో అమ్మ నా బ్యాగు దిక్కే చూస్తుంది. చెప్పిన. పెద్దమ్మ తిన్నది వేరే మందు, ఇది వేరే, మేడం నా కిడ్నీ టెస్టు చూసే ఇచ్చింది అని. ఓపికగ రెండుసార్లు చెప్పిన. అమ్మ తల ఊపింది.

మెడికల్ షాపు భూమేశ్ బాపుతో అన్నడట, గివి మెదడు మీద పనిచేసే గోలీలు సార్, అలవాటైతే ఇడువయ్ అని. బాపు వచ్చి అమ్మకు చెప్పిండు. నాకు కాదు. మింగేది నేను, చెప్పేది అమ్మకు.

20 ఏప్రిల్

స్ట్రిప్ నొక్కి క్యాప్సూల్ తీయాలంటే బొటనవేలు గుంజుతది. అమ్మ చూసి, ఇటియ్యి, నేను తీసి పెడుత అన్నది. వారానికి సరిపోయే గళ్ల డబ్బా ఒకటి తెప్పించింది. రాత్రి అన్నం తిన్నంక నా అరచేతిలో క్యాప్సూల్, చేతికి నీళ్ల గ్లాసు. నాకు కండ్లల్లో నీళ్లు వచ్చినయ్. ఇన్నేండ్లలో నా నొప్పిని అమ్మ ఇంత దగ్గరికి రానిచ్చింది ఇదే మొదలు.

28 ఏప్రిల్

నిద్ర లేదు. చెమటలు.

2 మే, పొద్దున

మళ్లీ వచ్చింది. మెడ, భుజాలు, నడుము, అరికాళ్లు. దుప్పటి తగిలినా మంట. కడుపులో వికారం. టీవీ చప్పుడుకు ఏడుపొస్తుంది. చదివిన లైనే చదువుతున్న. మందు మింగుతున్న కదా. రోజూ మింగుతున్న కదా! నా ఒళ్లు నన్నే మోసం చేస్తుంది. ఈ ఒంటి మీద నాకు అసహ్యం పుడుతుంది.

బాపు అనుకున్నట్టే అయింది అంటున్నడు. ఏమనుకున్నడో అడగలేదు.

4 మే, ఆదివారం

జగిత్యాల. రోజూ వేసుకుంటున్నవా అని మేడం అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ, నేనే ఇస్తున్న డాక్టరమ్మా, ఒక్కరోజు తప్పలేదు అన్నది. మేడం రాత్రికి రెండు చేసింది.

18 మే

రెండు మింగినా అంతే.

12 జూన్

స్కూల్‌లో చేరిన. నెహ్రూనగర్ దిక్కు శాంతక్క ఇంట్లో మీది గది. కింద వాళ్ల బట్ట నేసే సాంచాలు నాలుగు నడుస్తయ్. ఆ చప్పుడు నేల నుంచి మంచం కోళ్లకు, అక్కడి నుంచి నా ఎముకలకు ఎక్కుతది. అమ్మ వారం డబ్బా నింపి పంపింది. స్ట్రిప్పులు ఇంట్లోనే ఉంటయ్, నువ్వు పోగొట్టుకుంటవు అన్నది. ఇరవై ఆరేండ్ల మనిషిని.

20 జూన్

ఎన్‌సైక్లోపీడియా సెట్ కింది అరకు మార్చాలె. మూడో పుస్తకానికి చేయి జారింది. ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఏరి పెట్టిన్రు. ప్రిన్సిపాల్ సార్ చూసి, గీ వయసులనే గిట్లైతే ఎట్లమ్మా, వచ్చే నెల మధ్యదాక చూద్దాం అన్నడు. మంచి మనిషే. మంచి మనుషులు నన్ను చంపుతున్నరు.

సాయంత్రం శాంతక్క జండూబామ్ పట్టుకొని పైకొచ్చింది. దొర బిడ్డవు, పుస్తకం మోస్తెనే గింత ఆయాసమా, మా సాంచ కాడ ఒక్క పూట నిలవడితే తెలుస్తది అని తిట్టుకుంటనే నా భుజాలకు రాసింది. మీకు నొప్పులు లేవా అక్కా అన్న. మాకు నొప్పులొస్తే సాంచ ఎవడు నడుపుతడు అన్నది.

22 జూన్, ఆదివారం

డబ్బా నింపుకోవడానికి ఇంటికొచ్చిన. రాజీనామా రాసి చించేసిన. వచ్చే వారం మళ్లీ రాస్త. బాపు అప్పుడే ఎవరితోనో ఫోన్‌లో, బిడ్డ ఇంటికొస్తుంది, ఆరోగ్యం సహకరిస్తలేదు అంటున్నడు. నేనింకా వస్తా అనలేదు.

27 జూన్

స్కూల్ నుంచి వస్తుంటే వాన దంచింది. బ్యాగు నిండ నీళ్లు. గదికొచ్చి అందులో ఉన్న మందు డబ్బా తెరిస్తే క్యాప్సూళ్లు నానిపోయి, ఒకదానికొకటి అంటుకొని, పచ్చటి బురదలెక్క ఉన్నయ్. ప్రెగాబాలిన్ తెల్ల పొడి. నాకు తెలుసు, ఫిబ్రవరిలో ఒకటి చేతిలో చిట్లింది.

వేలితో తీసి వాసన చూసిన.

పసుపు. మా చేను పసుపు. ఆ వాసనలో పుట్టి పెరిగిన, నాకు వేరే చెప్పాలా.

మిగిలిన గడి కూడా చూసిన. అదీ పసుపే.

నేల మీద కూర్చున్న. కింద సాంచాలు నడుస్తనే ఉన్నయ్. ఏప్రిల్ నుంచి ఇదా? ఆ చెమటలు, ఆ వికారం, ఆ రాత్రులు? నా ఒళ్లు నన్ను మోసం చేయలేదు. ఇన్నాళ్లూ నేను దాన్నే తిట్టిన.

29 జూన్, ఆదివారం

అరిచిన. నేను. గడప దాటి గొంతు వినపడని జ్యోత్స్న. పక్కింటివాళ్లు గోడ దగ్గరికి వచ్చిన్రు, రానియ్.

అమ్మ దాచలేదు. మధ్యాహ్నాలు బాపు పడుకున్నంక, ఒక్కొక్క క్యాప్సూల్ టోపీ లాగి, లోపలి పొడి ఒంపి, గుడ్డలో జల్లించిన పసుపు నింపి, టోపీ పెట్టేదట. కుట్టు పని చేసినంత నాజూకుగ. నేను నీకు విషం పెట్టిన్నా, మన పసుపే కదనే, పుట్టినప్పుడు నీ బొడ్డుకు అద్దింది గదే అన్నది. మా అక్క నా కండ్ల ముందట ఎండిపోతుంటే బిడ్డను కూడ ఆ బెడ్డు మీద పండబెట్టాల్నా అన్నది.

నేను చెప్పిన కదా, రెండుసార్లు చెప్పిన కదా అన్న. నువ్వు చదువుకున్నదానివి, ఏదైన చెప్తవు అన్నది.

బాపు మధ్యలో వచ్చి, తల్లి గదా బిడ్డా, నీ మంచికే చేసింది, లొల్లి ఎందుకు అన్నడు. నా మంచి ఎవరు చేసినా నొప్పి నాకే ఎందుకు వస్తుంది బాపూ అన్న. ఈసారి మనసులో కాదు.

మరి ఒంపిన మందు ఏం చేసినవు అని అడిగిన. అమ్మ లేచింది. లోపలికి పోయి గిన్నెలు సర్దింది. మోరీలో పోసి ఉంటది.

స్ట్రిప్పులన్నీ తీసుకొని ఆఖరి బస్సుకు వచ్చేసిన. అన్నం తినలేదు. అమ్మ కట్టిచ్చిన టిఫిన్ బస్టాండ్‌లో వదిలేసిన.

30 జూన్

మేడం నంబరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పిన. రెండు కాదు, మళ్లీ ఒకటితోనే మొదలుపెట్టు అన్నది. రాత్రి స్ట్రిప్ నొక్కితే వేలు గుంజింది. గుంజనీ. ఇకనుంచి నేనే నొక్కుకుంట.

3 జూలై

ప్రిన్సిపాల్ సార్ గదికి నేనే పోయిన. నా రోగం పేరు చెప్పిన. స్పెల్లింగ్ కూడా చెప్పిన, ఆయన ఫోన్‌లో వెతుక్కుంటడని. బరువులు పిల్లలు అందుకుంటరు, నేను కూర్చొని సర్దుత, నాకొక స్టూలు కావాలె అన్న. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొని, స్టూలే గదమ్మా, ముందే అడిగితే ఏం పోయింది అన్నడు.

ఏం పోయిందో ఆయనకెట్ల చెప్పాలె.

4 జూలై

బాపు ఫోన్. అమ్మకు బాగాలేదట. నువ్వు పోయినకాడి నుంచి నిద్ర లేదు, పండిన పక్క తడిసేటట్టు చెమటలు, అన్నం చూస్తే వాంతికొస్తుంది, టీవీ పెడితే కొట్టనికొస్తుంది అన్నడు. నువ్వు తిట్టినందుకు మనాది పెట్టుకున్నది, ఒకసారి వచ్చి మాట్లాడు అన్నడు.

మనాది కాదు. అది నా ఏప్రిల్. అది నా మే నెల. అక్షరం పొల్లు పోకుండ.

మందు మోరీలో పోయలేదు.

5 జూలై

అమ్మ మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకొని ఉంది. తలుపు వేసి అడిగిన. నువ్వు మింగినవా.

గోడకే చెప్పింది. నీ ఒంట్ల పడి ఏం జేస్తదో చూద్దామని మొదలు చిటికెడు సల్లల కలుపుకొని తాగిన అన్నది. నాకేమన్న అయితే నీకు ఆపుదామనుకున్న అన్నది. ఏమీ కాలేదట. కాకపోతే నాలుగో వారం ఒక పొద్దున మంచం దిగితే నడుము పట్టుకోవాల్సిన పని పడలేదట. పెండ్లైనకాడి నుంచి గట్ల దిగలేదే అన్నది. తర్వాత రోజూ తాగింది. నీకు రెండు రాసినంక నేను గూడ రెండు అన్నది.

నేను సిరిసిల్లలో గోడ పట్టుకొని నడిచిన రాత్రులన్నీ అమ్మ నిద్రపోయింది. నా వంతు నిద్ర. నా మంచం నుంచి దొంగిలించిన నిద్ర.

మరి నీకు పనిచేసిందని తెలిసినంక కూడా నాకెందుకు పసుపు పెట్టినవు అన్న. ఏ తల్లి ఇట్ల చేస్తది అన్న. అమ్మ, నేను ముసలిదాన్ని, కిడ్నీలు పోతే పోతయ్, నువ్వు బతకాలె గదా అన్నది. జవాబు లేని మాటలంటే నాకు ఇంకా కోపం. క్షమించలేదు. ఇక్కడ రాస్తున్న, క్షమించలేదు.

కానీ ఉన్నట్టుండి ఆపొద్దు. అది నాకు తెలుసు కదా, ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. మేడంకు ఫోన్ చేసిన. ఈ రాత్రికి ఒకటి ఇవ్వు, పొద్దున తీసుకొని రా అన్నది. నా స్ట్రిప్ నుంచి ఒకటి నొక్కి అమ్మ అరచేతిలో పెట్టిన. గ్లాసు చేతికివ్వలేదు, స్టూలు మీద పెట్టిన.

6 జూలై, ఆదివారం

జగిత్యాల. ఎక్కడెక్కడ నొప్పి అని మేడం అడిగింది. నాకేం నొప్పి లేదమ్మా, బిడ్డకే అన్నది అమ్మ.

మేడం జనవరిలో నాకు నొక్కినట్టే మెడ కింద వేలు పెట్టి నొక్కింది. అమ్మ నవ్వింది. భుజం నొక్కింది. మోచెయ్యి. నడుము. మోకాలి లోపలి పక్క. అమ్మ నవ్వుతనే ఉంది, కండ్ల నీళ్లకు కొంగంతా తడిసింది.

గిలిగింతలు అయితున్నయట.