గుమ్మమెక్కిన రాకుమారుడు

సోమవారం
నిర్ణయం! అటక మీది అట్టపెట్టె దించాను. చిన్నప్పుడు మా అన్నయ్యా నేనూ కొట్టుకుని మరీ చదివిన కథల పుస్తకాలు. ఆదివారం అన్నయ్య వచ్చి తన కూతురి కోసం పట్టుకుపోతాడు. ఈలోగా రోజుకొకటి చదివేస్తాను.
షరతులు:
ఒకటి, చిన్నపిల్లలా చదవాలి. బోర్లా పడుకుని, కాళ్లు ఊపుతూ.
రెండు, ఎర్ర పెన్ను ముట్టుకోకూడదు.
నా ఉద్యోగం ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం. పొద్దస్తమానం తప్పులు వెతికి వెతికి, కథ చదివి ఆనందించడం మర్చిపోయానేమోనని భయంగా ఉంది. పెన్ను మా వారికిచ్చి దాచమన్నాను. "ఎల్లుండి దాకా దాస్తే చాలా?" అన్నారు. ఆయన వెటకారం ఆయనది.

మంగళవారం
మొదటి పుస్తకం రాకుమారుడిది. అన్నయ్యకి ప్రాణం. వాసన అదే! బొమ్మలు అవే! బోర్లా పడుకున్నాను. ఆహా!
కాసేపటికే నడుం పట్టేసింది. ఒకటో షరతు రద్దు. కుర్చీలో కూర్చుంటే మాత్రం చిన్నపిల్లని కాకపోతానా?
రెండో పేజీలో మాంత్రికుడికి దీర్ఘం లేదు. చూడనట్టు ముఖం తిప్పుకున్నాను.

బుధవారం
దీర్ఘం లేని ఆ "మంత్రికుడు" ఆఫీసులో రోజంతా కళ్లముందే తిరిగాడు. ఇంటికి రాగానే పెన్సిల్‌తో చిన్న గీత పెట్టాను. పెన్సిల్ పెన్ను కాదు కదా. మాట తప్పినట్టు కాదు.

గురువారం
పెన్సిల్ మొన విరిగింది. చెక్కడానికి బద్ధకం. ఎర్ర పెన్ను చెప్పుల అరలో దొరికింది. (వెతకలేదు. చెప్పులు సర్దుతుంటే కనిపించింది. చెప్పులెందుకు సర్దావని అడక్కూడదు.)
ఇంక చూడండి! ఒత్తులు, సున్నాలు, తలకట్లు! ఒకచోట మరీ ఘోరం: "రాకుమారుడు గుమ్మం ఎక్కి మూడు అడవులు దాటాడు." గుమ్మమట! గుర్రానికి ఎన్ని తిప్పలొచ్చాయి! "మ్మ" కొట్టేసి పక్కన "ర్ర" రాసి పారేశాను. కంపోజ్ చేసినవాడు కునికిపాట్లు పడుతున్నట్టున్నాడు.
మా వారు తొంగిచూసి, "కుక్క తోక వంకర" అని వెళ్లిపోయారు.

శుక్రవారం
చదవడం లేదు. దిద్దుతున్నాను. ఈ కథలో రాకుమారి ఉందా? గుర్తులేదు. అయినా ఆఫీసులో పని ఎక్కువ. మిగతా పుస్తకాలు ఎక్కడికి పారిపోతాయి? ఆదివారం పారిపోతాయి. ఆ సంగతి రేపు చూద్దాం.

శనివారం
మేనకోడలు ఫోన్ చేసింది.
"అత్తా, ఎగిరే గుమ్మం పుస్తకం అన్నిటికంటే పైన పెట్టు."
"ఎగిరే గుమ్మమేంటే?"
"అదే! రాకుమారుడు గుమ్మమెక్కి వెళ్తాడుగా! నాన్న ముందు కూర్చుంటే, నువ్వు వెనక చొక్కా పట్టుకుని కూర్చునేదానివంట. ఒకసారి ఇద్దరూ పడ్డారంట కూడా!"
పడ్డాం. వంటింటి గుమ్మం మీంచి. నా మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది. "గుమ్మమెక్కుదామా?" అని అన్నయ్య అంటే చాలు, ఎక్కాలూ, అమ్మ తిట్లూ అన్నీ వెనకబడిపోయేవి. ఎలా మర్చిపోయాను? గుర్రాలు ప్రతి కథలోనూ ఉంటాయి. ఎగిరే గుమ్మం ఆ ఒక్క పుస్తకంలోనే ఉంది. దాన్ని నా చేతులతో నేనే కొట్టిపారేశాను. ఎర్ర సిరా. చెరిపితే కాగితం చిరుగుతుంది. నిజంగానే ఏడుపొచ్చింది.

ఆదివారం
అన్నయ్య కూతురితో వచ్చాడు. పెట్టె తెరవగానే ఆ పేజీయే తీశాడు. నేను తలుపు వెనక.
"ఏమేవ్! గుమ్మాన్ని కొట్టేశావా?"
"కింద చూడు."
"ఏవో చుక్కలున్నాయి."
"మా ప్రూఫుల్లో పొరపాటున కొట్టేసినదాని కింద చుక్కలు పెడతాం. కొట్టివేత చెల్లదు, ముందున్నట్టే ఉండనివ్వండి అని."
పొద్దున్నే పెట్టాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక తప్పుని కాపాడటం ఇదే మొదలు.
అన్నయ్య వెళ్లి వంటింటి గుమ్మం మీద కూర్చున్నాడు. "ఎక్కు" అన్నాడు. పిల్ల ముందు, వాడు మధ్యలో, చొక్కా పట్టుకుని నేను. ముగ్గురం పట్టలేదు. నడుం మళ్లీ పట్టేసింది. ఎంత సంతోషంగా ఉందో!
మా వారు ఖాళీ మంచినీళ్ల గ్లాసుతో వచ్చి, "నేను లోపలికి ఎలా వెళ్లాలి?" అన్నారు.
"ఆగండి బావగారూ, మూడు అడవులు దాటాక దిగుతాం" అన్నాడు అన్నయ్య.

సోమవారం
నిర్ణయం! అన్నయ్య రాకుమారుణ్ణి ఒక్కణ్ణే తీసుకెళ్లాడు. మిగతావి వచ్చే ఆదివారం దాకా నావే. రోజుకొకటి! ఎర్ర పెన్ను ముట్టుకోను. ముట్టుకుందామన్నా లేదు, మేనకోడలు పట్టుకుపోయింది.
ఆకుపచ్చ పెన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు.