ఐదో అంతస్తు దీపం

ప్రియమైన శ్రీవారికి,

ఫోనులో అడిగితే మీరు మాటలతో గారడీ చేస్తారు. అందుకే రాస్తున్నాను, మీరూ కాగితం మీదే జవాబివ్వండి. మా లిఫ్టు కంపెనీవాళ్లు అంతస్తుల దీపాలు వెలిగించే బోర్డును నాకు పరీక్షగా ఇచ్చారు. కంప్యూటర్ తెర మీదే చిప్పు బొమ్మ పెట్టి, తీగలు గీసి, ప్రోగ్రాం ఎక్కించి నడిపించాలి. నాలుగు దీపాలు వెలుగుతున్నాయి. ఐదోది మొహం మాడ్చుకుని కూర్చుంది. ప్రోగ్రాం తిరగేశాను, రెసిస్టరు మార్చాను, ఆ దీపానికి తగిలించిన చిప్పు పిన్నును అవుట్‌పుట్‌గా పెట్టానో లేదో కూడా చూసుకున్నాను. ఊహూఁ. తప్పు నాదో, ఈ సాఫ్ట్‌వేరుదో తేలడం లేదు. నెలాఖరుకి వెలగకపోతే నన్ను మళ్లీ స్క్రూలు బిగించే బల్లకే పంపేస్తారు. ఇక్కడ హాస్టల్లో సోల్డరింగ్ చేయనివ్వరు. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ షాపతనితో ఒక చిప్పులో నా ప్రోగ్రాం ఎక్కించి ఈ కవర్లో పెట్టాను. మీ రిపేరు కొట్టులో నిజంగా కట్టి చూడండి. వేళాకోళం వద్దు, మీకు దండం పెడతాను.

మీ ఆవిడ

~

ప్రియమైన లిఫ్టు రాణికి,

చచ్చిన ఫ్యాన్లన్నిటినీ పక్కకు నెట్టి నీ చిప్పుకు సింహాసనం వేశాను. నాలుగు దీపాలు చకచకా వెలిగాయి. ఐదోది మా తమ్ముడి టైపు, పని అనేసరికి కళ్లు మూసేసింది. వైర్లు మార్చాను, దీపం మార్చాను, బల్లకో మొట్టికాయ కూడా వేశాను. వెలగదే. అంటే నీ కంప్యూటరు చూపించిందే ఇక్కడా జరిగిందన్నమాట. నాకైతే తెగ సంబరంగా ఉంది. పదో తరగతి గట్టెక్కనివాణ్ణి, ఎందుకని మాత్రం అడక్కు.

ఇట్లు, ప్రస్తుతానికి బుద్ధిమంతుడు

~

ప్రియమైన బుద్ధిమంతుడికి,

పంచదార డబ్బాలో ఉప్పు పోసింది ఎవరు? నా ఫొటోకు మీసాలు గీసింది ఎవరు? మీ మాట నమ్మి దారి మార్చాక అది వేళాకోళమని తేలితే నా పని గోవిందా. నిజం రాశానని ఒట్టు వేయండి.

భయంతో, మీ ఆవిడ

~

ప్రియమైన అనుమానపు పక్షికి,

నా ఒట్టుకి విలువ లేదని నాకూ తెలుసు. అందుకని మీ అమ్మను పిలిచి చూపించాను. పెళ్లినాటి నుంచి నన్ను మెచ్చుకుని ఎరగని మనిషి. స్విచ్చు తనే వేసింది. ఐదోది వెలగలేదు. "అల్లుడు ఈసారి నిజమే చెబుతున్నాడే" అని కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగింది. కింద సంతకం పెట్టించాను, చూసుకో.

సాక్షి సహితంగా, మీ ఆయన

~

ప్రియమైన మీకు,

వెలిగింది!

నేను నమ్మింది అమ్మ సంతకాన్ని కాదు. అది మీ చేతిరాతేనని మొదటి గీతలోనే తెలిసిపోయింది. నన్ను ఆటపట్టించాలనుకుంటే మీరు "వెలిగింది" అనే రాసేవారు. నేను సాఫ్ట్‌వేరును తిట్టుకుంటూ కూర్చునేదాన్ని. వెలగలేదన్నారంటే నిజమే అయ్యుండాలి. సాఫ్ట్‌వేరు అబద్ధమాడటం లేదు, ప్రోగ్రాం ఎప్పుడో చూసుకున్నాను, ఇక మిగిలింది ఆ పిన్నే. చిప్పు వివరాలు తీసి చదివాను. ఆ ఒక్క పిన్ను పుట్టుకే వేరట. కరెంటును తనలోకి లాక్కోగలదు గానీ, దీపానికి బయటికి నెట్టే శక్తి దానికి లేదు. అందుకని కరెంటు పైనున్న సరఫరా తీగ నుంచి దీపం గుండా పిన్నులోకి దిగేలా కట్టి, ప్రోగ్రాంలో ఆ పిన్నుకు ఆన్, ఆఫ్ తారుమారు చేశాను. ఐదో అంతస్తు భగ్గున వెలిగింది. నేను వేసిన కేకకు పక్క గదివాళ్లు పరిగెత్తుకొచ్చారు.

పెద్దసారు చూసి, బోర్డుల గదిలో నాకో బల్ల ఇచ్చారు. "నిజం చిప్పు మీద సరిచూసింది ఎవరమ్మా?" అన్నారు.

"మావారు, సార్."

"నమ్మదగిన మనిషేనా?"

"ఈ ఒక్కసారికి, సార్" అన్నాను.

మీ బోర్డుల గది ఆవిడ