దిగువ శాఖ డాలు

1836 సెప్టెంబరు 29

పంపకాల్లో బావి వాళ్ళ వైపు పడింది. ట్రెబెనౌ కోట ఒకటే, వాటాలు రెండు. ఎగువ శాఖ మాది, పెద్దది. దిగువ శాఖ వాళ్ళది. పనిమనిషి లేని రోజుల్లో మా అమ్మ బొక్కెన పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడేది. ఎబర్విన్ తల్లి కిటికీలోంచి చూసి, ఇంకాసేపు ఆగమనేది. ముసలివాణ్ణయినా అది మరిచిపోలేదు. మరిచిపోను.

అక్టోబరు 3

ఎబర్విన్ ముంగిలి దాటి వచ్చాడు. వరసకు తమ్ముడు. మాటల్లేక ఏళ్ళయింది. టోపీ చేత్తో పట్టుకున్నాడు.

వాడి కొడుకు జీనులు కుట్టేవాడి కూతురు వాల్‌బుర్గాను చేసుకుని, పోయినేడు గుర్రం మీంచి పడి చచ్చిపోయాడు. ఒక పిల్లాడున్నాడు. తక్కువ కులపు తల్లికి పుట్టిన బిడ్డకు మా పేరు దక్కాలంటే వంశంలో పెద్దవాడు కాగితం మీద ముద్ర వెయ్యాలి. ఆ పెద్దవాణ్ణి నేనే.

అన్నా, నా దగ్గు ముదిరింది, నీకూ పిల్లల్లేరు, వీడూ లేకపోతే మన ఇంటిపేరే ఉండదు, ఒక్క ముద్ర వెయ్యి, అన్నాడు.

ఇంకాసేపు ఆగు, అన్నాను.

అక్టోబరు 4

ఇవాళ అన్నం బాగా సయించింది అని రాద్దామనుకున్నాను. అబద్ధం.

అక్టోబరు 9

ఎబర్విన్ పోయాడు. వంటమనిషి గెర్లిండ కబురు తెచ్చింది. ఆగమన్నారుగా దొరా, పాపం ఆగలేకపోయాడు, అంది. నోరు ముయ్యమన్నాను. ముయ్యలేదు. ఆ ముద్ర మోయలేనంత బరువా, అంది.

అక్టోబరు 12

శాఖలో మగవాడు మిగలకపోతే, చివరివాడి సమాధి దగ్గర ఆ శాఖ గుర్తు చెక్కిన డాలు బోర్లించి విరగ్గొట్టాలి. వంశంలో పెద్దవాడే విరగ్గొట్టాలి.

పాస్టరు నా చెవిలో, పిల్లాడు తల్లి చంకలోనే ఉన్నాడు, ఏం చెయ్యమంటారు దొరగారూ, అన్నాడు. ఊరంతా నావైపే చూస్తోంది. ముసలాడు లొంగాడంటారనిపించింది. కానివ్వండి అన్నాను.

పాత చెక్క. మొదటి దెబ్బకు విరగలేదు. మళ్ళీ కొట్టాను. ఈ రోజుతో దిగువ ట్రెబెనౌ సరి, ఇక ఎన్నటికీ లేదు, అని అరవాలి. అరిచాను.

ఆ చప్పుడుకు పిల్లాడు నవ్వి చప్పట్లు కొట్టాడు. ఏడ్చినా బాగుండేది. ముక్కు అచ్చం ఎబర్విన్‌దే. మా నాన్నదీ అదే ముక్కు.

వాల్‌బుర్గా ఒక చెక్కముక్క ఏరుకుంది. వీడు ఆడుకుంటాడు లెండి, అంది.

అక్టోబరు 20

ముద్ర వేశాను. కాగితం నేనే పట్టుకుని జీనుల కొట్టుకు వెళ్ళాను. వాల్‌బుర్గా దారానికి మైనం రుద్దుతోంది. తలెత్తలేదు. మొన్న లేని మనవడు ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు దొరా, మీ అరుపు పక్క ఊరికీ వినబడింది, వీడికి మా నాన్న పేరు పెట్టేసుకున్నాను, అంది.

తోలు కావాలంటే కూర్చోండి, పేర్లు కొనం, అని ఆమె తండ్రి నవ్వాడు.

క్షమించమని అడగడానికే వెళ్ళాను. నోట్లోంచి వచ్చింది మాత్రం, అది నీ ఇష్టం కాదు, అని.

నవంబరు 1

వాల్‌బుర్గా, నా దినచర్య పుస్తకంలోంచి ఈ కాగితం చించి గెర్లిండతో పంపుతున్నాను. పదకొండో తారీఖు, మార్టిన్ పండుగ నాడు అదే సమాధి దగ్గర, అదే జనం ముందు, నేను అరిచింది అబద్ధమని అరుస్తాను. పిల్లాడు వినాలి. తీసుకొస్తావా, లేదా? పదో తారీఖు లోపల చెప్పు.